లైబ్రరీ రీసెర్చ్ ఫెలోషిప్ ఎలా తెచ్చుకోవాలి: హిస్టరీ, లిటరేచర్ స్కాలర్ల కోసం మొదట్నుంచి చివరిదాకా

మన దగ్గర ఫెలోషిప్ అనగానే జేఆర్ఎఫ్ గుర్తొస్తుంది, నెట్ రాసి అందులో ముందు వరసలో వస్తే నెలనెలా పడే డబ్బులు. నేను చెప్పబోయేది వేరే రకం. కొన్ని పెద్ద రీసెర్చ్ లైబ్రరీలు తమ దగ్గరున్న పాత పుస్తకాలు, చేతిరాత కాగితాలు, ఉత్తరాలు, మ్యాపులు వచ్చి చదువుకోమని స్కాలర్లని పిలిచి, ఉన్నన్నాళ్ళూ నెలకింత అని ఇస్తాయి. ఒక నెలవి ఉంటాయి, తొమ్మిది పది నెలలవి కూడా ఉంటాయి. క్లాసులు చెప్పక్కర్లేదు, రోజూ వెళ్ళి కూర్చుని చదవడమే పని. హైదరాబాద్, వైజాగ్, వరంగల్, తిరుపతి యూనివర్సిటీల్లో ఎంతో మంచి పని చేస్తున్న పిల్లలున్నారు, వాళ్ళలో చాలామందికి ఇలాంటివి ఉన్నాయనే తెలీదు, తెలిసినవాళ్ళు కూడా అవి మనలాంటోళ్ళకి ఇస్తారా అని వదిలేస్తారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఇది మనకి కొత్తేం కాదు కూడా. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ అని పెట్టారు, అక్కడి లైబ్రరీ కోసం దేశం నలుమూలల నుంచి ఇంగ్లీషు, హిస్టరీ లెక్చరర్లు వచ్చి వారాల తరబడి ఉండి చదువుకుని వెళ్ళేవాళ్ళు. మీ డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన ప్రొఫెసర్లు ఉంటే అడగండి, కళ్ళు మెరుస్తాయి వాళ్ళకి. అదే పని ఇప్పుడు మనం విమానం ఎక్కి వెళ్ళి చేస్తాం, అంతే తేడా.

నాకు రెండుసార్లు రిజెక్ట్ అయింది, మూడోసారి వచ్చింది. మొదటి రెండుసార్లూ నా టాపిక్ ఎంత ముఖ్యమో పేజీలు పేజీలు రాశాను. మూడోసారి ఆ లైబ్రరీ దగ్గరున్న కాగితాల్లో నేను ఏవి, ఎందుకు చూడాలో రాశాను. అప్లికేషన్లు చదివే కమిటీ మొదట చూసేది అదే, వాళ్ళ అల్మారాల్లో ఉన్నదానికీ మీ ప్రశ్నకీ లంకె కుదిరిందా లేదా అని. ఈ ఒక్క మాట పట్టుకుంటే కింద చెప్పేదంతా సులువుగా అర్థమవుతుంది.

మొదటి అడుగు: టాపిక్ దగ్గర కాదు, పెట్టె దగ్గర మొదలుపెట్టండి

చేతిరాత కాగితాలు లైబ్రరీల్లో అట్టపెట్టెల్లో, పెట్టె లోపల ఫోల్డర్లలో ఉంటాయి. ఏ పెట్టెలో ఏ ఫోల్డర్, అందులో ఎవరి ఉత్తరాలు, ఏ సంవత్సరానివి అని రాసిపెట్టిన జాబితాని ఫైండింగ్ ఎయిడ్ అంటారు. చాలావరకు ఇవి ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతాయి. ఆర్కైవ్‌గ్రిడ్ అనే సైట్‌లో పేరు కొడితే ఆ మనిషి కాగితాలు ఏ ఊళ్ళో ఏ లైబ్రరీలో ఉన్నాయో చూపిస్తుంది, అచ్చు పుస్తకాలకైతే వరల్డ్‌క్యాట్ ఉంది. అప్లికేషన్ ఫారం తెరవడానికి ముందే కనీసం రెండు వారాలు వీటి మీద కూర్చోండి.

ఇది చేయకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తా. ఒంగోలు మిషనరీ జాన్ క్లో గురించి మీరు పనిచేస్తున్నారనుకుందాం. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకి పని చూపించాడు, ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం జరిగింది. అద్భుతమైన టాపిక్, మన జిల్లాల చరిత్ర. దీన్ని పట్టుకుని షికాగోలో ఉన్న న్యూబెర్రీ లైబ్రరీకి అప్లై చేశారనుకోండి, ఎంత బాగా రాసినా రాదు, ఎందుకంటే అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ బోర్డు రికార్డులు ఉన్నది అట్లాంటాలో, అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీలో. మిషన్ల అచ్చు రిపోర్టులు కావాలంటే యేల్ డివినిటీ లైబ్రరీలో డే మిషన్స్ కలెక్షన్ అని పెద్దది ఉంది. టాపిక్ మంచిదే, అడ్రస్ తప్పు.

రెండో అడుగు: మీకు తలుపు తెరిచి ఉన్నది ఎక్కడో చూడటం

ఇక్కడ మూడు విషయాలు చూడాలి: పీహెచ్‌డీ అయిపోవాలా లేక మధ్యలో ఉన్నా సరిపోతుందా, విదేశీయులకి ఇస్తారా, ఎన్ని నెలలు.

న్యూబెర్రీ 1887లో పెట్టిన ఇండిపెండెంట్ లైబ్రరీ, ఏ యూనివర్సిటీకీ చెందింది కాదు. షార్ట్-టర్మ్‌వి ఒకటి రెండు నెలలు, పీహెచ్‌డీ థీసిస్ దశలో ఉన్నవాళ్ళు కూడా అప్లై చేయొచ్చు. లాంగ్-టర్మ్‌వి నాలుగు నుంచి తొమ్మిది నెలలు, అవి డాక్టరేట్ చేతిలో ఉన్నవాళ్ళకి. కాలిఫోర్నియాలో శాన్ మరీనో అనే ఊళ్ళో హంటింగ్టన్ లైబ్రరీ ఉంది, 1919లో పెట్టింది, అక్కడా ఇలాగే పొట్టివీ పొడుగువీ ఉన్నాయి, సైన్స్ ఫిక్షన్ మీద పనిచేసేవాళ్ళకి ఒక్క మాట, ఆక్టేవియా బట్లర్ కాగితాలన్నీ అక్కడే ఉన్నాయి. షేక్‌స్పియర్, ఆ కాలం ఇంగ్లండ్ అయితే వాషింగ్టన్‌లో ఫోల్జర్ లైబ్రరీ. అమెరికాలో పాత అచ్చు చరిత్ర అయితే మసాచుసెట్స్‌లో అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ, 1812 నాటిది.

పీహెచ్‌డీ పూర్తయి ఏడేళ్ళు దాటనివాళ్ళు క్లూగీ ఫెలోషిప్ తప్పకుండా చూడండి. అది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌ది, 4 నుంచి 11 నెలలు, నెలకి 5000 డాలర్లు, ఏ దేశం వాళ్ళైనా వేసుకోవచ్చు. తెలుగు మీద పనిచేసేవాళ్ళకి ఇది ఇంకా దగ్గర. ఎందుకంటే మనకి అమెరికా నుంచి గోధుమలు వచ్చిన పీఎల్-480 ఒప్పందం ఉంది కదా, ఆ గోధుమలకి మనం కట్టిన రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి మన భాషల పుస్తకాలు కొని అమెరికా లైబ్రరీలకి పంపారు, అలా వెళ్ళిన తెలుగు పుస్తకాలు, పత్రికలు వాషింగ్టన్‌లో, షికాగో యూనివర్సిటీలో, మేడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. మన ఊరి గ్రంథాలయంలో చెదలు తిన్న పుస్తకం అక్కడ అట్ట నలగకుండా దొరికినప్పుడు సంతోషమూ వేస్తుంది, బాధా వేస్తుంది.

ఒక జాగ్రత్త. అమెరికాలో కొన్ని ఫెలోషిప్‌లకి డబ్బు ఎన్ఈహెచ్ అనే ప్రభుత్వ సంస్థ ఇస్తుంది. వాటికి అమెరికా పౌరులైనా అయ్యుండాలి, లేదా మూడేళ్ళుగా అక్కడే ఉంటుండాలి. ఒకే లైబ్రరీలో పది రకాల ఫెలోషిప్‌లు ఉన్నప్పుడు అందులో ఒకటి రెండు ఇలాంటివి ఉంటాయి, కాబట్టి ప్రతిదాని కింద రాసినది పూర్తిగా చదవండి.

ఇంగ్లండ్ వైపు వెళ్ళాలనుకుంటే ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీ విజిటింగ్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. బ్రిటిష్ లైబ్రరీలో చదవడానికి రీడర్ పాస్ ఫ్రీయే, ఖర్చులకి మాత్రం చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ వైపు చూడండి, ఇండియాలో ఉంటున్న మనలాంటి స్కాలర్ల కోసమే 1981 నుంచి నడుస్తోంది, కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా వెళ్ళొచ్చు. కైఫీయతుల మీద, అంటే ఊళ్ళ చరిత్రలు రాసిన పాత రికార్డుల మీద పనిచేసేవాళ్ళు ఈ దారి వదలొద్దు. కంపెనీ కాలం సర్వేయర్ కల్నల్ మెకంజీ సేకరించినవి మద్రాసులో కొన్ని, లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో కొన్ని ఉన్నాయి, ఆ సేకరణ వెనక కష్టమంతా కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి తెలుగువాళ్ళది. 1821లో మెకంజీ పోయాక ఆ పని నేను కొనసాగిస్తా, నాకు అవకాశం ఇవ్వండి అని లక్ష్మయ్య అడిగితే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వాళ్ళు 1836లో ఒక నేటివ్ వల్ల అయ్యే పని కాదని తేల్చేశారు. ఏళ్ళ తరబడి ఊరూరూ తిరిగిన మనిషికి వచ్చిన జవాబు అది. అందుకే మన పిల్లలు ఆ కాగితాల ముందు వెళ్ళి కూర్చోవాలని నాకు ఇంత పట్టుదల.

మూడో అడుగు: లైబ్రేరియన్‌కి ఒక మెయిల్

మనవాళ్ళు ఇది చేయరు, మొహమాటం. నిజానికి లైబ్రరీలో కలెక్షన్లు చూసుకునే క్యూరేటర్లకి ఇలాంటి మెయిల్స్‌కి జవాబివ్వడం ఉద్యోగంలో భాగమే. డెడ్‌లైన్‌కి రెండు నెలల ముందు రాయండి, పది లైన్లు దాటొద్దు. రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ అని మొదలుపెట్టకండి, నేరుగా నేను ఫలానా, ఫలానా విషయం మీద పనిచేస్తున్నా, మీ ఫలానా కలెక్షన్‌లో 3, 4 పెట్టెలు చూడాలనుకుంటున్నా, ఫైండింగ్ ఎయిడ్‌లో లేనివి ఇంకేమైనా ఉన్నాయా, ఆ పెట్టెలు వచ్చే ఏడాది చూడనిస్తారా అని అడగండి. ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం, రిపేర్‌కో స్కానింగ్‌కో పంపి ఉంటే మీరు వెళ్ళినప్పుడు దొరకవు. ఇంకోటి, మీరు అడిగినవి ఆల్రెడీ ఆన్‌లైన్‌లో పెట్టేసి ఉంటే అక్కడికి రావాల్సిన పనేంటని కమిటీ అడుగుతుంది, అది ముందే తెలుసుకోవడం మంచిది.

నాలుగో అడుగు: ప్రపోజల్

అసలు పనంతా ఇక్కడే. సాధారణంగా మూడు నాలుగు పేజీలు, వర్డ్ లిమిట్ ఎంత ఇస్తే అంతలోనే రాయాలి. ఊరికే సూత్రాలు చెప్తే ఎక్కదు కాబట్టి ఒక ఉదాహరణ మొత్తం నడిపిస్తా.

హైదరాబాద్‌లో ఒకమ్మాయి ఆదివాసీల చదువు మీద పీహెచ్‌డీ చేస్తోందనుకుందాం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ని చంపేశాక నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ని పిలిపించింది, ఆయన సలహా మీద 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకి ట్రైనింగ్ మొదలైంది, గోండి భాషలోనే వాచకాలు తయారుచేశారు. అమెరికాలో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే బోర్డింగ్ స్కూల్ పెట్టి, దూరదూరాల నుంచి పిల్లల్ని తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వకుండా చేశారు.

ఆ అమ్మాయి మొదటి డ్రాఫ్ట్ ఇలా ఉంటుంది: ఆదివాసీలు ప్రపంచవ్యాప్తంగా అణచివేతకి గురయ్యారు, వారి విద్యని తులనాత్మకంగా అధ్యయనం చేయాల్సిన అవసరం ఎంతైనా ఉంది, మీ లైబ్రరీలో విలువైన సేకరణలు ఉన్నాయి కాబట్టి నాకు అవకాశమివ్వండి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ లైబ్రరీ పేరు తీసేసి ఇంకో లైబ్రరీ పేరు పెడితే కూడా అలాగే సరిపోతుంది, చూశారా. మీ ప్రపోజల్‌కి ఈ పరీక్ష మీరే పెట్టుకోండి. పేరు మార్చినా చెల్లుతోందంటే మళ్ళీ రాయాలి.

ఇప్పుడు రెండో డ్రాఫ్ట్. న్యూబెర్రీలో ఎయర్ కలెక్షన్ అని అమెరికా మూలవాసుల మీద చాలా పెద్ద సేకరణ ఉంది, అందులో కార్లోస్ మాంటెజూమా అనే యావపాయ్ తెగ మనిషి కాగితాలున్నాయి. ఈయన్ని చిన్నప్పుడే ఎత్తుకుపోయి ఒక ఫోటోగ్రాఫర్‌కి అమ్మేశారు, తర్వాత షికాగోలో మెడిసిన్ చదివి 1889లో డాక్టరయ్యాడు, కార్లైల్ స్కూల్లోనే కొన్నేళ్ళు డాక్టరుగా పనిచేశాడు. ఆ స్కూల్ పెట్టిన ప్రాట్‌ని చివరిదాకా అభిమానించాడు, అదే మనిషి 1916 నుంచి వస్సాజా అని సొంత పత్రిక నడిపి మూలవాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఇండియన్ బ్యూరోని ఎత్తేయమని పోరాడాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉన్నాయి? ఇదీ ప్రశ్న. ఆ అమ్మాయి ఇలా రాయాలి: మార్లవాయిలో చదువుకున్న మొదటి తరం గోండు టీచర్లు ఆ స్కూళ్ళ గురించి ఏమనుకున్నారనేది నా థీసిస్‌లో మూడో చాప్టర్, ఆ తరం మాటల్ని ఎలా చదవాలో తేల్చుకోవడానికి మాంటెజూమా కార్లైల్ సంవత్సరాల ఉత్తరాలూ వస్సాజా నడిపిన నాటి ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూడాలి, మొదటి మూడు వారాలు ఈ పెట్టెలు, తర్వాతి రెండు వారాలు ఆ పెట్టెలు, ఆఖరి వారాల్లో పత్రిక సంచికలు. ఇది ఇంకో లైబ్రరీకి పంపలేం. న్యూబెర్రీకి మాత్రమే పనికొస్తుంది.

గమనించారా, మన మార్లవాయిని దాచలేదు. చాలామంది అమెరికా లైబ్రరీకి రాస్తున్నాం కదా అని మన ఊరి సంగతి తగ్గించేస్తారు, అది పొరపాటు. అక్కడి కాగితాలని అక్కడివాళ్ళు వందసార్లు చదివారు, ఆదిలాబాద్ నుంచి వచ్చిన కళ్ళతో చదివినవాళ్ళు ఎవరున్నారు? మీ బలం అదే. కాకపోతే హైమెన్‌డార్ఫ్ ఎవరో, గోండులు ఎవరో కమిటీలో ఉన్నవాళ్ళకి తెలీదు, వాళ్ళు వేరే వేరే సబ్జెక్టుల వాళ్ళు, కాబట్టి రెండు మూడు వాక్యాల్లో విడమర్చి చెప్పాలి.

ఎన్ని నెలలు అడగాలన్నది కూడా లెక్క వేసి అడగండి. ఉత్తరాలు అలవాటు లేని చేతిరాతలో ఉంటే రోజుకి రెండు మూడు ఫోల్డర్లు చదవడమే గొప్ప. మీ పెట్టెల సంఖ్యని దాంతో భాగించి చూపిస్తే, ఈమెకి పని ఎలా ఉంటుందో తెలుసు అని వాళ్ళకి అర్థమవుతుంది. థియరీ పేర్లు పేరాకి నాలుగు కుమ్మరించొద్దు, రాసినదాన్ని వేరే సబ్జెక్టు ఫ్రెండ్‌కి ఇచ్చి చదివించండి, వాళ్ళు ఎక్కడ ఆగిపోతే అక్కడ సరిచేయండి.

ఐదో అడుగు: రికమెండేషన్ లెటర్లు

సాధారణంగా రెండు అడుగుతారు. మనవాళ్ళ లెటర్లు చాలావరకు సిన్సియర్, హార్డ్ వర్కింగ్, ఒబీడియంట్, ఐ విష్ హర్ ఆల్ సక్సెస్ అని నాలుగు లైన్లు. అది వాళ్ళ తప్పు కాదు, మనం వాళ్ళకి ఏమీ ఇవ్వం కాబట్టి వాళ్ళూ అలా రాసిస్తారు. ఆరు వారాల ముందే వెళ్ళి కలిసి, ప్రపోజల్ ప్రింటు తీసి చేతిలో పెట్టి, సార్ ఈ కలెక్షన్ నాకు ఎందుకు అవసరమో ఒక పేరా రాయండి, నా చాప్టర్‌లో మీకు నచ్చిన భాగం గురించి ఒక పేరా రాయండి అని అడగండి. బాధపడరు. లెటర్ పోర్టల్‌లో వాళ్ళే అప్‌లోడ్ చేయాలి, లింకు మెయిల్ స్పామ్‌లో పడుతుంది, డెడ్‌లైన్‌కి వారం ముందు ఫోన్ చేసి గుర్తుచేయండి. నా రెండో అప్లికేషన్‌లో ఒక లెటర్ అసలు వెళ్ళనే లేదని నాకు నెలల తర్వాత తెలిసింది.

డెడ్‌లైన్ల సంగతి: క్లూగీ సెప్టెంబర్ మధ్యలో, హంటింగ్టన్, న్యూబెర్రీ నవంబర్, డిసెంబర్‌లలో ఉంటూ వస్తున్నాయి, ఏటా సైట్‌లో చూసుకోవాలి. అంటే క్లూగీకి జూన్ ఆఖరుకల్లా, మిగతావాటికి ఆగస్టులో పని మొదలుపెట్టాలి. టైం రాసినప్పుడు అది అమెరికా టైమని మర్చిపోవద్దు.

ఆరో అడుగు: వచ్చిందని మెయిల్ వచ్చాక

ముందు మీ కాలేజీ. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఎన్ఓసీ, లీవు ఫైలు ఆ వారంలోనే కదిలించాలి, అది ఎన్ని టేబుళ్ళు తిరగాలో మీకు నేను చెప్పక్కర్లేదు. స్కాలర్లైతే గైడ్ సంతకంతో యూనివర్సిటీ పర్మిషన్.

అమెరికాకి మామూలుగా జే-1 వీసా, అంటే ఎక్స్ఛేంజ్ విజిటర్లకి ఇచ్చేది. లైబ్రరీ డీఎస్-2019 అనే కాగితం పంపుతుంది, అది వచ్చాక సెవిస్ (విదేశాల నుంచి వచ్చేవాళ్ళ వివరాలుంచే అమెరికా ప్రభుత్వ రికార్డు) ఫీజు 220 డాలర్లు, వీసా ఫీజు వేరే, తర్వాత నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. ఆరు నెలల లోపు అయితే షార్ట్-టర్మ్ స్కాలర్ అనే కేటగిరీ ఉంది. రీసెర్చ్ స్కాలర్ కేటగిరీలో వెళ్ళొస్తే, అదే కేటగిరీలో మళ్ళీ వెళ్ళడానికి 24 నెలలు ఆగాలి, కాబట్టి ఏ కేటగిరీలో రాస్తున్నారని ముందే అడగండి. హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, దాని డబ్బు లైబ్రరీ ఇస్తుందా మీరే కట్టాలా అన్నదీ అడగండి.

టాక్స్ గురించి ఎవరూ ముందు చెప్పరు. జే-1 మీద వెళ్ళిన విదేశీ స్కాలర్ల ఫెలోషిప్ డబ్బులో 14 శాతం ముందే పట్టుకోవచ్చు. నెలకి 3000 అనుకుంటే 420 పోయి 2580 చేతికొస్తుంది. అద్దె ఆ 2580 మీద లెక్కేసుకోవాలి. పట్టుకున్నదానికి తర్వాత రిటర్న్ వేస్తే ఎంతో కొంత తిరిగి రావచ్చు, ఎంత ఇచ్చారో, ఎంత పట్టుకున్నారో చూపిస్తూ వాళ్ళిచ్చే 1042-ఎస్ కాగితం జాగ్రత్తగా దాచుకోండి. ఇంకా, మొదటి డబ్బు మీరు వెళ్ళి పేపర్లు పూర్తిచేశాకే ఇస్తారు, అప్పటిదాకా టికెట్టు, అడ్వాన్సు మన జేబులోంచే. నేను మా బావ దగ్గర అప్పు తీసుకుని వెళ్ళాను. లైబ్రరీలో హౌసింగ్ లిస్ట్ ఉంటుంది, లేకపోతే గతేడాది వచ్చిన ఫెలో ఎవరైనా ఉన్నారా అని అడిగితే కలుపుతారు.

ఏడో అడుగు: రీడింగ్ రూమ్‌లో

బ్యాగు, కోటు, నీళ్ళ సీసా అన్నీ లాకర్‌లో. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. ఒక్కసారి ఒక్క పెట్టె, పెట్టెలోంచి ఒక్క ఫోల్డర్, కాగితాల వరస చెదరకూడదు. పాత పుస్తకం ఫోమ్ దిండ్ల మీద పెట్టి తెరవాలి. ఫోన్‌తో ఫోటోలు చాలాచోట్ల తీసుకోనిస్తారు, ఫ్లాష్ లేకుండా. వేరే బిల్డింగ్‌లో దాచిన పెట్టెలైతే తెప్పించడానికి రోజులు పడుతుంది, మొదటి వారానికి కావాల్సినవి బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో రిక్వెస్ట్ పెట్టేయండి.

ఫోటోల దగ్గర ఒక పద్ధతి. ప్రతి ఫోల్డర్ తెరవగానే ముందు దాని లేబుల్ ఫోటో, తర్వాతే లోపలి కాగితాలు. ఆ రాత్రే రూమ్‌కి వెళ్ళి పెట్టె నంబరుతో ఫోల్డర్లు చేసి సర్దేయండి, ఇవాళ ఏం చూశామో అర పేజీ తెలుగులోనే రాసుకోండి. ఇది మానేసి నాలుగు వేల ఫోటోలతో ఇంటికొచ్చినవాళ్ళు నాకు తెలుసు, ఏ ఉత్తరం ఏ పెట్టెలోదో తెలీక ఫుట్‌నోట్ రాయలేకపోయారు.

రోజంతా చదువుతూ కూర్చోకుండా మధ్యాహ్నం మిగతా ఫెలోలతో కలిసి తినండి, చాలాచోట్ల అందరికీ కలిపి లంచ్‌లు, చిన్న టాక్‌లు పెడతారు. మొదట్లో మన ఇంగ్లీషు గురించి బెరుకుంటుంది. మీరు చూస్తున్న ఒక ఉత్తరం గురించి చెప్పండి చాలు, పక్కవాళ్ళు తమకి తెలిసింది చెప్తారు, నాకు పనికొచ్చిన రెండు కలెక్షన్లు అలా భోజనం దగ్గరే తెలిశాయి.

ఆఖరి వారం కొత్త పెట్టెలు తెరవొద్దు. అప్పటిదాకా తీసిన నోట్స్ చూసుకుని, చెదిరిన ఫోటోలు మళ్ళీ తీసుకుని, అచ్చు వేయాలనుకున్న బొమ్మలకి పర్మిషన్ ఎవరిని అడగాలో, ఫుట్‌నోట్‌లో కలెక్షన్ పేరు ఎలా రాయాలో కౌంటర్‌లో రాయించుకోండి. మిగిలిపోయిన ఫోల్డర్ల జాబితా లైబ్రేరియన్‌కి మెయిల్ పెడితే చాలాచోట్ల డబ్బు కట్టించుకుని స్కాన్ చేసి పంపుతారు, రేటు అడిగి మరీ రండి.